పిలుపు వస్తే రాత్రే వస్తుంది

హైదరాబాదులో అమెరికా ఎమ్మెస్ సంగతులు తెలియని ఇల్లు దాదాపు లేదు. ఐ-20, బ్యాంకు లోను, వీసా స్లాటు వంటి మాటలు మా వీధిలో కూరగాయల బండి దగ్గర కూడా వినిపిస్తాయి. అమీర్‌పేటలోనో హిమాయత్‌నగర్‌లోనో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే సగం పని అయిపోయినట్టేనని అందరి నమ్మకం. మిగతా సగానికి చిలుకూరు బాలాజీ ఉన్నాడు, కోరిక కోరుకున్నప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరిన తరువాత నూట ఎనిమిది. అయితే అదే అమెరికాకు జీవశాస్త్రంలో పీహెచ్‌డీ కోసం దరఖాస్తు పెట్టుకున్నానని చెబితే మా బంధువుల్లో ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఎంత ఖర్చవుతుందని మొదట అడిగారు. ఫీజు ఉండదు, నెలనెలా వాళ్లే భత్యం ఇస్తారంటే నమ్మలేదు. ప్రయాణం ఎప్పుడని తరువాత అడిగారు. అంతకుముందు ఇంటర్వ్యూ ఉంటుందని, దానికి పిలుస్తారో లేదో కూడా ఇంకా తెలియదని చెప్పాను. "పైసలు వాళ్లే ఇస్తరంటివి, మల్ల పిలవకపోవుడేంది బిడ్డా?" అని మా మేనత్త అడిగింది. జవాబు ఆమె ప్రశ్నలోనే ఉంది. పైసలు వాళ్లే ఇస్తారు కాబట్టే అంత సులువుగా పిలవరు.

ఎమ్మెస్‌లో విద్యార్థి ఫీజు కడతాడు, కాబట్టి సీట్లు పెంచినకొద్దీ విశ్వవిద్యాలయానికి ఆదాయం పెరుగుతుంది. పీహెచ్‌డీలో ఆ లెక్క తిరగబడుతుంది. అమెరికాలో జీవశాస్త్ర, వైద్య పరిశోధన విభాగాలలో చేరిన పీహెచ్‌డీ విద్యార్థికి ట్యూషన్ ఫీజు మాఫీ, ఆరోగ్య బీమా, నెలవారీ స్టైపెండ్ అన్నింటినీ విశ్వవిద్యాలయమో, ఆ విద్యార్థి చేరిన ల్యాబ్‌కు ఉన్న గ్రాంటో భరించాలి, అదీ ఐదారేళ్లపాటు. అందువల్ల ఎంపిక సంఘం "ఈ అమ్మాయి తెలివైనదేనా" అని మాత్రమే చూసి ఊరుకోదు. ఇన్నేళ్లు ఈమెకు జీతం ఎక్కడి నుంచి తేవాలన్నది కూడా చూసుకుంటుంది. విదేశీ దరఖాస్తుదారుల విషయంలో ఆ రెండో ప్రశ్న మరింత గట్టిది, ఎందుకంటే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలైన ఎన్ఐహెచ్ విభాగాలకిచ్చే టీ32 శిక్షణ గ్రాంట్లు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తాయి. కొన్ని ప్రోగ్రాములు మొదటి ఒకటి రెండేళ్ల ఖర్చును చాలావరకు ఆ గ్రాంట్లతోనే గడుపుకొస్తాయి. ఒక ప్రోగ్రాంలో ఇరవై సీట్లున్నాయంటే ఆ ఇరవైకీ మనం పోటీలో ఉన్నట్టు కాదు. మనదాకా వచ్చేవి అందులో కొన్నే.

పైగా కాలం కూడా కలిసిరాలేదు. 2025 ఫిబ్రవరి 7న ఎన్ఐహెచ్ తన గ్రాంట్లలో పరోక్ష వ్యయాలకు 15 శాతం పరిమితి పెడుతున్నట్టు ప్రకటించింది. ల్యాబ్ కరెంటు, భవనం నిర్వహణ, జంతుశాల, ఆఫీసు సిబ్బంది వంటి ఖర్చులన్నీ ఆ పద్దు కిందికే వస్తాయి. ఆ నిర్ణయాన్ని కోర్టు నిలిపివేసింది గానీ విశ్వవిద్యాలయాల భయాన్ని నిలపలేకపోయింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆ నెలలోనే పీహెచ్‌డీ ప్రవేశాలను కొంతకాలం ఆపింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన చాన్ వైద్య కళాశాల బయోమెడికల్ పీహెచ్‌డీకి అప్పటికే ఇచ్చిన ప్రవేశాలను వెనక్కి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో, హార్వర్డ్ రానున్న రెండేళ్లకు పీహెచ్‌డీ సీట్లను బాగా తగ్గిస్తోందన్న వార్త వచ్చింది. నేను నా దరఖాస్తులు పంపింది ఆ తరువాత వచ్చిన డిసెంబరులో. కాబట్టి ఈ జనవరిలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఉలుకూ పలుకూ లేదంటే, అందులో నా వంతు ఎంత, వాళ్ల ఖజానా వంతు ఎంత అని విడదీసి చూసే వీలు నాకు లేదు. ఇది నన్ను నేను ఓదార్చుకోవడానికి చెబుతున్న మాట కాదు. నా మార్కుల జాబితాను మళ్లీ మళ్లీ తిరగేసి అందులో లోపం వెతకడం వల్ల ఉపయోగం లేదని చెప్పడానికి మాత్రమే.

దరఖాస్తులో ఏమేం ఉంటాయో చాలామందికి తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తాను. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెచ్చుకోవాలి, దానికి ముందుగానే తిరగడం మంచిది. టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. జీవశాస్త్ర ప్రోగ్రాములలో చాలావరకు జీఆర్ఈ అడగడం మానేశాయి, అది మనకు పెద్ద ఊరట. దరఖాస్తు రుసుము ఒక్కోచోట సుమారు 75 నుంచి 125 డాలర్ల వరకు ఉంటుంది. పది చోట్ల పెట్టుకుంటే ఇక్కడ నాలాగా ఒక పరిశోధన ప్రాజెక్టు గ్రాంటు మీద ప్రాజెక్టు అసోసియేట్‌గా పనిచేసేవారికి రెండు నెలల జీతం అక్కడే అయిపోతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు అడిగితే ఆ రుసుము మాఫీ చేస్తాయి, కొన్ని తమ దేశస్థులకే చేస్తాయి. ఏదేమైనా అడిగి చూడటానికి ఖర్చు లేదు.

పిలుపు వస్తుందో రాదో ఎక్కువగా తేలేది సిఫారసు లేఖల దగ్గరే అని నా అభిప్రాయం. అక్కడి సంఘానికి మన విశ్వవిద్యాలయంలో డెబ్బై ఎనిమిది శాతమంటే ఎంత గొప్పో తెలియదు, ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే ఉద్దేశపత్రాన్ని మనమే రాసుకున్నామని తెలుసు. మనతో పనిచేసిన మనిషి మన గురించి ఏం చెబుతున్నాడన్నది ఒక్కటే వాళ్లకు కొంత నమ్మదగిన ఆధారం. కానీ మన కళాశాలల్లో ఒక అలవాటు ఉంది. లేఖ కావాలని వెళ్లి అడిగితే, "నువ్వే రాసుకొని తీసుకురామ్మా, చూసి సంతకం పెడతాను" అంటారు. వాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు, ఏటా యాభై అరవై మందికి లేఖలు రాయాల్సివస్తే ఎవరైనా అదే అంటారు. అయితే అలా తయారైన లేఖలన్నింటిలోనూ ఒకే అమ్మాయి కనిపిస్తుంది: కష్టపడి చదువుతుంది, క్రమశిక్షణ గలది, అందరితో కలుపుగోలుగా ఉంటుంది, ఆమెకు ఉజ్జ్వల భవిష్యత్తు కలగాలని ఆకాంక్షిస్తున్నాను. నేను ఎమ్మెస్సీ చదివిన చోట ఒక అధ్యాపకుడు, ఎలా రాసుకోవాలో చూసుకొమ్మని నాకొక నమూనా లేఖ పంపారు. అందులో అంతకుముందు ఏడాది విదేశానికి వెళ్లిన అబ్బాయి పేరు అలాగే ఉంది. ఆ అబ్బాయి కూడా కలుపుగోలువాడేనట.

ఇప్పుడు నేను పనిచేస్తున్న ల్యాబ్‌లో మా మేడమ్ పద్ధతి వేరు. ఆమె ఏం రాశారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా, ఎందుకంటే లేఖను చూసే హక్కును వదులుకుంటున్నానని దరఖాస్తులో మనమే ఒప్పుకుంటాం. కానీ రాయడానికి ముందు ఆమె నన్ను కూర్చోబెట్టి, "ఆ యాంటీబాడీ సంగతి మొదట ఎవరు అనుమానించారు? నువ్వా, పోస్ట్‌డాకా?" అని అడిగారు. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవారు. మేము అధ్యయనం చేస్తున్న ప్రోటీన్‌ను పట్టుకోవడానికి కొన్న యాంటీబాడీ, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో సరైన పరిమాణం దగ్గరే చక్కని గీత చూపేది, అందరం దాన్ని నమ్ముకొని పనిచేస్తూ వచ్చాం. ఆ ప్రోటీన్ జన్యువును తొలగించిన నాకౌట్ కణాలను పక్క వరుసలో నింపి చూస్తే, అక్కడ కూడా అదే గీత అంతే స్పష్టంగా వచ్చింది. అంటే అది మా ప్రోటీన్ కాదు, అదే బరువున్న మరేదో. ఆ రోజు మా ల్యాబ్‌లో ఎవరూ సంతోషంగా లేరు. అయినా మేడమ్ లేఖ కోసం అడిగింది ఆ సంగతే, ఆరోజు పోల్చి చూడటానికి ఏ నియంత్రణ నమూనాలు పెట్టానో, ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో. పనిచేసిన ప్రయోగాల గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

లేఖల విషయంలో ఇంకొక చిన్న చిక్కు ఉంది. మన అధ్యాపకులు చాలామంది వాడేది సొంత జీమెయిల్. అక్కడి ప్రోగ్రాములు సంస్థ చిరునామా నుంచి వచ్చే లేఖనే కోరుకుంటాయి. పాస్‌వర్డ్ మరచిపోయి ఏళ్లయిన అధికారిక మెయిల్‌ను ఒక పెద్దాయన చేత మళ్లీ తెరిపించడం ఎంత మర్యాదగా చేయాల్సిన పనో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

గడువు దాటిన తరువాత మొదలయ్యేది ఎదురుచూపు. డిసెంబరు 1 గడువంటే అక్కడి తూర్పు తీరంలో అర్ధరాత్రి, మనకు మర్నాడు ఉదయం పదిన్నర. అక్కడ కార్యాలయం తెరిచే ఉదయం తొమ్మిది గంటలంటే తూర్పు తీరం లెక్కన మనకు రాత్రి ఏడున్నర, పడమటి తీరం లెక్కన రాత్రి పదిన్నర. అందువల్ల పగలంతా మెయిల్ చూసుకోనక్కరలేదు. హైదరాబాదులో ఉన్న దరఖాస్తుదారుకు పిలుపు వస్తే రాత్రే వస్తుంది, లేదా తెల్లవారుజామున నిద్రలో ఉన్నప్పుడు వస్తుంది. వాళ్ల శుక్రవారం మధ్యాహ్నం మనకు శనివారంలో కలిసిపోతుంది, ఆ తరువాత సోమవారం సాయంత్రం దాకా ఏమీ రాదు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కార్యాలయాలే ఉండవు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు. ఈ లెక్క ఒకసారి కుదిరాక నాకు కొంత నిద్ర పట్టింది, ఎందుకంటే రాని వేళల్లో ఎదురుచూడటం మానేశాను.

పైగా ఎదురుచూడటానికి ఒక్క అమెరికాయే లేదు. నేను రోజూ ఎక్కే మెట్రో ఉప్పల్ నుంచి తార్నాక చేరేలోపు సీడీఎఫ్‌డీ, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థలున్న దారి వెంటే వెళ్తుంది. ఎన్‌జీఆర్ఐ పేరుతో ఏకంగా ఒక స్టేషనే ఉంది. 1977లో ఇప్పటి ఐఐసీటీ ఆవరణలో మొదలైన సీసీఎంబీలో చేరాలని ఎమ్మెస్సీ రోజుల నుంచి అనుకుంటున్నవాళ్లు మా బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. నగరానికి అవతలి కొసన గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ అనే మరో పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటికి దారి జాతీయ స్థాయి నెట్ పరీక్ష మీదుగానో, టీఐఎఫ్ఆర్ డిసెంబరులో పెట్టే ప్రవేశ పరీక్ష మీదుగానో సాగుతుంది. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తరువాత 42 వేలు ఇస్తారు. ఇక్కడి పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది: ఫెలోషిప్ విద్యార్థి పేరు మీదే వస్తుంది, కాబట్టి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న ఇంటర్వ్యూ గది బయటే చాలావరకు తేలిపోతుంది. లోపల మిగిలేది సైన్సు.

ఆ సైన్సు కూడా రెండు చోట్లా ఒకేలా అడగరు. ఇక్కడ బోర్డు ముందు కూర్చోబెడతారు, ఎదురుగా ఆరేడుగురు ఉంటారు, చేతికి మార్కర్ ఇచ్చి, "మీకు ఇష్టమైన అంశం ఏది?" అంటారు. ఏది చెప్పినా దాని పునాది దాకా తవ్వుతారు. మా సీనియర్ ఒకామె డీఎన్ఏ ప్రతికృతి, అంటే డీఎన్ఏ తన నకలును తయారుచేసుకునే తీరు అని చెప్పింది. వెంటనే 1958 నాటి మెసెల్సన్, స్టాల్ ప్రయోగం బోర్డు మీద వేయమన్నారు. బరువైన నత్రజని-15లో పెంచిన బ్యాక్టీరియాను మామూలు నత్రజని-14లోకి మార్చి, ఒక తరం గడిచాక డీఎన్ఏను సీజియం క్లోరైడ్ ద్రావణంలో అతివేగంగా తిప్పితే మధ్యస్థంగా ఒకే పట్టీ, రెండో తరానికి మధ్యస్థంగా ఒకటి, తేలికగా ఒకటి. అంతవరకు పుస్తకంలో ఉన్నదే. "మొదటి తరం దగ్గరే ఆపేసి ఉంటే ఏం తేలేది?" అని ఒకరు అడిగారు. పాత అణువు చెక్కుచెదరకుండా అలాగే మిగులుతుందన్న వాదన వీగిపోతుంది, కానీ పాతా కొత్తా ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయన్న వాదన బతికే ఉంటుందని ఆమె చెప్పింది. "సరే, రెండో తరం దాకా ఆగకుండా దాన్ని కూడా కొట్టేయగలరా?" అని ఇంకొకరు అడిగారు. అక్కడ ఆమె చాలాసేపు బోర్డు వైపే చూస్తూ నిలబడి, చివరకు మొదటి తరం డీఎన్ఏను వేడిచేసి రెండు పోగులనూ విడదీస్తే ఒకటి పూర్తిగా బరువుగా, ఒకటి పూర్తిగా తేలికగా కనిపించాలి అని చెప్పింది. మెసెల్సన్, స్టాల్ నిజంగా ఆ పని చేశారు కూడా. ఇలాంటి అరగంట కోసం మెట్రోలో గంట ప్రయాణించి వెళ్లినా నాకు అభ్యంతరం లేదు.

అమెరికా ఇంటర్వ్యూ నెమ్మదిగా సాగుతుంది. కోవిడ్‌కు ముందు పిలిచినవారిని విమానంలో రప్పించి రెండు మూడు రోజులు ఉంచుకునేవారు. ఇప్పుడు విదేశాల్లో ఉన్నవారికి చాలాచోట్ల జూమ్‌లోనే ముగిస్తున్నారు. ఒక్కొక్క ఆచార్యుడు అరగంట చొప్పున విడివిడిగా మాట్లాడతారు. నిర్వచనాలు అడగరు. మీ ఫలితం ఇంకొక విధంగా ఎందుకు రాకూడదు, మీ అభిప్రాయం తప్పని తేల్చాలంటే ఏ ప్రయోగం చేస్తారు, ఇంకో ఏడాది ఉంటే ఏం చేసేవారు అని అడుగుతారు. సొంతంగా చేసిన పని గురించి మాట్లాడటం వచ్చినవారికి అది హాయిగానే ఉంటుంది. ఇంకొక మాట: దరఖాస్తు నుంచి ఇంటర్వ్యూకు చేరడం ఎంత కష్టమో, ఇంటర్వ్యూ నుంచి సీటుకు చేరడం అంత కష్టం కాదు. అసలు జల్లెడ పిలుపు దగ్గరే ఉంది. రసాయనశాస్త్రంలో చాలా విభాగాలు ఇంటర్వ్యూ లేకుండానే ప్రవేశం ఇచ్చి, ఆ తరువాత వచ్చి చూసుకొమ్మంటాయి. అందువల్ల ఉస్మానియాలో రసాయనశాస్త్రం చదివిన నా స్నేహితురాలి ఎదురుచూపుతో నా ఎదురుచూపును పోల్చుకోవడంలో అర్థం లేదని ఇద్దరం ముందే అనుకున్నాం.

జనవరిలో పిలుపులు ఎక్కువగా వచ్చే రోజులూ సంక్రాంతీ ఒకచోటే పడతాయి. నగరం సగం ఖాళీ అవుతుంది, మిగిలినవాళ్లం డాబాల మీద గాలిపటాలతో ఉంటాం. మా ఇంట్లో సకినాల పని మా మేనత్త చేతి మీదుగా సాగుతుంది. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ తెల్లని గుడ్డ మీద ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు చుట్టాలి, మధ్యలో తెగితే ఆమె ఊరుకోదు. చేతుల నిండా పిండి ఉండగా, ఫోను అలమర మీద ఉండగా, ఈసారి ప్రశ్న ఇలా వచ్చింది: "గా అమెరికావోళ్లు పండుగకు సుత జవాబియ్యరా?" వాళ్లకు అది పండుగ కాదని చెబితే, "మరి పనిదినమే కద, ఇయ్యొచ్చు కద" అంది. ఆ రాత్రి మెయిల్ తెరిస్తే ఒకచోట నుంచి తిరస్కరణ, దాని కింద మరొకచోట నుంచి ఇంటర్వ్యూ పిలుపు. తిరస్కరించిన చోట నాకు ఇష్టమైన ల్యాబులు నాలుగున్నాయి, పిలిచిన చోట రెండే. సంతోషించడానికి అది అడ్డు రాలేదు.

మిగతా చోట్ల నుంచి ఏమీ లేదు. ఒక్కో ప్రోగ్రాం పిలుపులన్నీ ఒకేరోజు పంపుతుంది, ఇంకొకటి విడతలు విడతలుగా పంపుతుంది. అందువల్ల తెలిసినవారికి వచ్చిందని వినగానే మనకు ఇక రాదని తేల్చుకోనక్కరలేదు, కానీ ఒకే రోజున పంపే చోటైతే ఆశ కూడా పెట్టుకోనక్కరలేదు. ప్రోగ్రాం సమన్వయకర్తకు జనవరిలోనే మెయిల్ రాసి అడగడం నాకు ఇష్టం లేదు. ఫిబ్రవరి సగం దాటాక, చెప్పడానికి ఏదైనా కొత్త సంగతి ఉంటే, అంటే ఒక పత్రం ప్రచురణకు అంగీకరించడం వంటిది జరిగితే, నాలుగు వాక్యాలు రాయవచ్చు. నిరీక్షణ జాబితాలో పెడితే ఏప్రిల్ 15 దాకా చూడాలి. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ప్రకారం, దానికి ఒప్పుకున్న విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయంతో కూడిన ప్రవేశానికి ఆ తేదీకి ముందే జవాబు చెప్పి తీరాలని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. నాలుగు చోట్ల సీట్లు పట్టుకొని కూర్చున్నవాళ్లు మూడింటిని వదిలేది ఆ చివరి రోజుల్లోనే, కింద ఉన్నవాళ్లకు కదలిక వచ్చేదీ అప్పుడే.

నా ఇంటర్వ్యూ ఫిబ్రవరి మొదటి వారంలో, మన లెక్కన రాత్రి పదిన్నరకు మొదలై ఒంటిగంట దాటాక ముగుస్తుంది. ఇంట్లో కరెంటు మీద నమ్మకం లేక ల్యాబ్‌లోని సెమినార్ గది అడిగాను; ఆ వేళకు మెట్రో ఉండదు కాబట్టి నాన్న స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్తానన్నారు. బెంగళూరులోని ఐఐఎస్‌సీ దరఖాస్తులు కూడా సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే తీసుకుంటారు, అది కూడా నింపుతాను. వీటన్నింటికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. నేను ప్రాజెక్టు అసోసియేట్‌గా ఉన్న గ్రాంటు మార్చి 31తో ముగుస్తుంది, దాన్ని పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. మేడమ్ ఢిల్లీకి రాశారు, అక్కడి నుంచి కూడా ఇంకా జవాబు రాలేదు.